పుట్టికి తోలు తొడిగిందెవరు? కృష్ణా మెట్టలో పడవల పేర్లు, పనివాళ్ళ చరిత్ర

తెలుగులో నీటి మీద నడిచేవాటికి పేర్లు తక్కువేం లేవు. ఓడ, పడవ, నావ, తెప్ప, దోనె, పుట్టి, బల్లకట్టు - ఇవి జనం నోట్లో ఉన్నవి. పోతం, తరణి, యానపాత్రం, కలం - ఇవి పుస్తకాల్లో ఉన్నవి. లాంచి, స్టీమరు - ఇవి పరాయి రేవుల నుంచి వచ్చి మనవైపోయినవి. వీటన్నిటినీ ఒక వరసలో రాసి, పక్కన అర్థాలు పెడితే నిఘంటువు పని అయిపోతుంది. చరిత్ర పని మాత్రం అక్కణ్ణించే మొదలవుతుంది. దీన్ని ఎవరు కట్టారు? ఎవరు నడిపారు? ఎవరు ఎక్కారు? చివరికి ఎవరి పేరు మిగిలింది? ఈ నాలుగు ప్రశ్నలు అడక్కుండా రాసిన ఓడల చరిత్ర షావుకార్ల చరిత్రే అవుతుంది.

ఈ ప్రశ్నల్ని మేము బందరు ఒడ్డున నిలబడి అడగడం లేదు. జగ్గయ్యపేట, నందిగామ మెట్ట నుంచి అడుగుతున్నాం. మెట్టకీ ఓడలకీ ఏం సంబంధం అని నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. ఒకప్పుడు కృష్ణా జిల్లాలో పైభాగంగా ఉండి, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో చేరిన ఈ ప్రాంతానికి దక్షిణపు సరిహద్దు కృష్ణానదే. ముక్త్యాల, వేదాద్రి, గుడిమెట్ల - ఇవన్నీ నది ఒడ్డు ఊళ్ళు. లోపల పాలేరు, మున్నేరు, మున్నేట్లో కలిసే వైరా. ఎండాకాలం ఇసక మీద నడిచి దాటే ఏళ్ళే వానాకాలం ఊళ్ళని విడగొడతాయి. 2023 జులైలో మున్నేరు పొంగి నందిగామ పక్కన ఐతవరం దగ్గర హైదరాబాదు-విజయవాడ రోడ్డు మీదకొస్తే, లారీలూ బస్సులూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కాంక్రీటు వంతెనల కాలంలోనే ఇట్లా ఉంటే, వంతెనలు లేని రోజుల్లో ఏరు దాటించేవాడి విలువ ఎంతో ఊహించుకోవచ్చు.

దళిత ఉద్యమానికి ఈ మెట్ట ఇంకో రకంగా తెలుసు. 1968లో దొంగతనం నెపం మీద కోటేశు అనే దళిత యువకుణ్ణి సజీవంగా తగలబెట్టిన కంచికచర్ల నందిగామ పక్కనే ఉంది. ఆ మంట గురించి రాస్తూనే ఉండాలి. దాంతోపాటు, మనల్ని తగలబెట్టిన ఊళ్ళని నిలబెట్టిందే మన చేతిపని అన్న సంగతి కూడా రాయాలి. ఈ వ్యాసం ఆ రెండో పనికి సంబంధించింది.

నాణెం మీది ఓడ, కావ్యంలోని ఓడ

తెలుగువాళ్ళ ఓడల గురించి పాఠ్యపుస్తకాలు చెప్పే కథ సాధారణంగా శాతవాహనుల నాణెంతో మొదలవుతుంది. యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ ఉంది. ఆ తర్వాత టాలెమీ రాసిన కంటకస్సైల, అంటే మన ఘంటసాల. పెరిప్లస్ అనే గ్రీకు నావికుడి పుస్తకంలో తూర్పుతీరపు పడవల పేర్లు రెండు దొరుకుతాయి. దుంగలు జోడించి కట్టిన సంగర ఒకటి, గంగకీ సువర్ణభూమికీ పోయే పెద్ద ఓడ కొలాండియ ఇంకొకటి. ఆ తర్వాత 1244 నాటి మోటుపల్లి అభయశాసనం. గాలివానకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకు అంతకుముందు రాజులు లాక్కునేవాళ్ళు, తాను సుంకం మాత్రమే తీసుకుంటానని గణపతిదేవుడు అందులో మాటిచ్చాడు. మాటిచ్చింది ఎవరికి? ఓడ యజమానికి. ఆ ఓడలో తెరచాప లాగినవాడి ప్రాణానికి అభయం సంగతి అందులో లేదు.

ఇక శ్రీనాథుడు. హరవిలాసాన్ని అంకితం తీసుకున్న అవచి తిప్పయ్యసెట్టి సముద్ర వర్తకుడు. ఆయన గొప్ప చెప్పడానికి శ్రీనాథుడు జోంగు, కప్పలి, వలికా, వల్లి అనే ఓడల పేర్లు వాడాడు. ఈ మాటలు చూడండి. కప్పలి తమిళుల కప్పల్. జోంగు మలయా, జావా సముద్రాల జొంగ్, ఇంగ్లీషువాడు జంక్ అన్నదీ అదే. అంటే ఆరువందల ఏళ్ళ కిందటే తెలుగు పద్యంలో నాలుగు దేశాల రేవుల మాట వినపడింది. ఇది నిజంగా సంతోషించాల్సిన విషయమే. కవి పండితుడైనా, ఈ మాటలు మాత్రం పండితుల గదుల్లో పుట్టినవి కావు. వాటిని రేవుకి మోసుకొచ్చింది ఓడ మీద పనిచేసిన కళాసీలు, హమాలీలు. పద్యంలోకి వచ్చేసరికి వాళ్ళ మాట మిగిలింది, మనుషులు మాయమయ్యారు. పద్యం సెట్టిగారిదైంది.

మెట్ట ఏటికి తగిన పడవ

సముద్రపు ఓడ జగ్గయ్యపేట దాకా రాదు. శ్రీశైలం కొండల్లోంచి దిగి బెజవాడ దాకా కృష్ణ రాళ్ళ మీద నడిచే నది. ఒకచోట మడుగు, ఒకచోట మోకాల్లోతు, ఒకచోట బండరాళ్ళ మధ్య సుడి. అడుగున దూలం ఉండే చెక్కపడవ ఇక్కడ రాయి తగిలి చీలిపోతుంది. బెజవాడ దిగువ సంగతి వేరు. 1852-55 మధ్య ఆనకట్ట కట్టి కాలవలు తవ్వాక డెల్టాలో పెద్ద చెక్కపడవలు, మనుషులు ఒడ్డు మీద నడుస్తూ తాడుతో లాగే పడవలు వచ్చాయి. కొల్లేట్లో తాటిబోదె తొలిచిన దోనె ఉంది. తీరంలో దుంగలు కట్టిన తెప్ప ఉంది. అందుకే జిల్లా ఒకటే అయినా పడవ మాట మూడు రకాలుగా చీలింది. తీరానిది ఓడ, డెల్టాది పడవ, మెట్టది పుట్టి.

పుట్టి అంటే గుండ్రటి బుట్ట. వెదురుబద్దలతో అల్లి, అంచు దళసరిగా కట్టి, బయట తోలు తొడుగుతారు. దానికి ముందూ వెనకా లేవు. తెడ్డు వేస్తే తిరుగుతూ పోతుంది. లోతు లేకపోయినా తేలుతుంది, రాయి తగిలితే వంగుతుంది గానీ పగలదు. ఒడ్డుకి చేరాక మనిషి నెత్తిన పెట్టుకుని పోవచ్చు. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులో పుట్టి ఉంది, కన్నడం వైపు నుంచి వచ్చిన హరిగోలు కూడా ఉంది. ధాన్యం కొలిచే పుట్టి కూడా మనకుంది, ఇరవై తూముల కొలత. పుట్టెడు దుఃఖం అన్న మాట ఆ కొలత నుంచే వచ్చింది. ఈ రెండు పుట్టులదీ ఒకటే మూలమని మేము వాదించడం లేదు. వెదురుబుట్టలో గింజల్నీ మనుషుల్నీ మోసిన జనానికి ఒకే మాట సరిపోయిందన్నది మాత్రం కనపడుతూనే ఉంది.

బరువు ఎక్కువైతే బల్లకట్టు. రెండు పడవల్ని పక్కపక్కన పెట్టి పైన బల్లలు పరిచి బిగిస్తే దాని మీద బండి ఎక్కుతుంది, గొడ్లు ఎక్కుతాయి, తర్వాత్తర్వాత ఇంజను పెట్టాక లారీలూ ఎక్కాయి. ముక్త్యాలకీ అవతలి గుంటూరు ఒడ్డున ఉన్న మాదిపాడుకీ మధ్య బల్లకట్టు ఈ ప్రాంతంలో అందరూ ఎరిగిందే. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అనే సామెతని కలిసొచ్చిన రోజులకీ కలిసిరాని రోజులకీ వాడతారు. బల్లకట్టు రేవులో బండి ఓడెక్కడం రోజూ జరిగే పనే. బందరులో దిగిన సరుకు గోల్కొండకి ఈ మెట్ట మీదుగా ఎడ్లబండ్ల మీదే పోయేది. ఓడ సరుకు బండెక్కేది, బండి మళ్ళీ ఏట్లో పడవెక్కేది.

తోలు లేని పుట్టి బుట్టే

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. సుమారు 1520లో విజయనగరం వచ్చిన పోర్చుగీసు పేస్, ఆనెగొంది దగ్గర తుంగభద్ర దాటుతూ ఈ బుట్టపడవల్ని చూశాడు. లోపల బెత్తం, బయట తోలు, పదిహేను ఇరవైమంది పడతారు, తిన్నగా పోకుండా తిరుగుతూ పోతాయి, ఈ రాజ్యంలో ఏళ్ళ మీద ఇవి తప్ప వేరే పడవలు లేవు అని రాశాడు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఇంకా వివరంగా చెప్పాడు. ఎద్దుతోలు కప్పిన పెద్ద బుట్టలు, సామాను తడవకుండా అడుగున పుల్లల కట్టలు, రెండు బుట్టల మధ్య బిగించి బండిని దాటించడం, గుర్రాల్ని ఈదించడం - అన్నీ రాశాడు. ఆయన వజ్రాల కోసం పోయిన కొల్లూరు మన మెట్టకి ఎదురుగా కృష్ణ అవతలి ఒడ్డున ఉంది. అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని ఆయన లెక్క. ఇవతల నందిగామ వైపు పరిటాలలోనూ వజ్రాల గనులుండేవి. కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం కిందికి పోయింది. వజ్రాల పేర్లు, వాటిని పెట్టుకున్న రాజుల పేర్లు ప్రపంచమంతటికీ తెలుసు. ఆ దారుల్లో ఏళ్ళు దాటించిన పుట్టి గురించి మనకి ఒక పరదేశి చెప్పాలి.

పరదేశులిద్దరూ తోలు చూశారు. ఆ తోలు ఎక్కణ్ణించి వచ్చిందో అడగలేదు. మనం అడుగుదాం. గొడ్డు చస్తే ఊరవతలికి ఈడ్చుకుపోయిందెవరు? తోలు ఒలిచిందెవరు? సున్నంలో నానేసి, తంగేడుచెక్కతో లందలో పదును చేసిందెవరు? వారు కోసి కుట్టిందెవరు? తెలుగు ఊళ్ళో దీనికి జవాబు చెప్పడానికి శాసనం అక్కర్లేదు. మాదిగవాడ ఎటువైపుందో తెలిసిన ఎవరైనా చెబుతారు.

పుట్టికి తోలు తొడగడం చెప్పుకి అట్ట వేసినంత తేలిక కాదు. ఒక్క తోలు చాలదు. తోళ్ళు జోడించి నీరు దిగకుండా కుట్టాలి. తోలు తడిగా ఉండగానే బుట్ట మీద లాగి బిగించాలి, ఎండేకొద్దీ అది బుట్టని పట్టుకుంటుంది. దాటింపు అయ్యాక ఒడ్డున బోర్లించి ఆరబెట్టకపోతే కుళ్ళుతుంది. కుట్టు ఒక్కచోట వదిలినా నది మధ్యలో మనుషులు పోతారు. అంటే ఏరు దాటే ప్రతి మనిషి ప్రాణమూ కుట్టినవాడి చేతిలో ఉన్నట్టే. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ బాబిలోను తోలుపడవల గురించి రాస్తూ ఒక మంచి సంగతి చెప్పాడు. సరుకు దింపాక వాళ్ళు చట్రాన్ని అక్కడే అమ్మేసి, తోళ్ళని మాత్రం గాడిదల మీద వెనక్కి తీసుకుపోయేవాళ్ళట. ఏది విలువైందో వాళ్ళకి తెలుసు.

ఓడల్ని కట్టింది వడ్రంగులు, నడిపింది బెస్తలు, పల్లెకార్లు, ఇందులో దళితులెక్కడ అని అడిగేవాళ్ళకి ఇదే మా జవాబు. చెక్కపడవని తూకంగా పెట్టుకుని చూస్తే మనవాళ్ళు కనపడరు. పుట్టిని పెట్టుకుని చూడండి. మేదరి వెదురు, మాదిగ తోలు, బెస్త తెడ్డు - ముగ్గురి పని కలిస్తేనే అది నీళ్ళ మీద తేలుతుంది. ఉత్పత్తి కులాలు కలిసి చేసిన వస్తువు ఇది. ఇందులో ఒకణ్ణి బయట నిలబెట్టి మిగతావాళ్ళ చరిత్ర రాయడం కుదరదు.

ఇంకో మాట. తోలు ముట్టుకుంటే మైల అన్నారు. తోలు పని చేసేవాడి నీడ మైల అన్నారు. మరి తోలుతొండం మోటతో తోడిన నీళ్ళు పొలానికి పారితే మైల లేదు. తోలుపుట్టిలో కూర్చుని, దాని అంచు పట్టుకుని ఏరు దాటితే మైల లేదు. అంటే మైల తోల్లో లేదు. తోలు వస్తువైనంతసేపూ అందరిదీ, దాని వెనక మనిషి కనపడగానే అంటరానిది. గుహుడి నావెక్కి రాముడు గంగ దాటిన కథ మనకి పురాణాల్లో ఉంది. తోలు కుట్టినవాడి కథ ఏ పురాణంలోనూ లేదు.

రాతి మీద మిగిలిన పేర్లు

ఎప్పుడూ ఇట్లాగే ఉందా? ఇదే కృష్ణ ఒడ్డున దొరికిన రాళ్ళు వేరే మాట చెబుతున్నాయి. జగ్గయ్యపేట బౌద్ధస్తూపాన్ని 1882లో బర్జెస్ తవ్వాడు. అక్కడి ఆయక స్తంభాల మీద, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ ఏట వేసిన ప్రాకృత శాసనం ఉంది. ఆ స్తంభాల్ని ఇచ్చింది రాజు కాదు. సిద్ధార్థుడనే పనివాడు, ఆవేసని. వాళ్ళ నాన్న కూడా ఆవేసనే. దిగువన ఘంటసాల శాసనంలో శివకుడనే మహానావికుడి పేరుంది. ఎదురొడ్డున అమరావతిలో, పూర్ణఘటం చెక్కిన ఒక రాతిపలక మీద, దాన్ని దానం చేసినవాడు విధికుడనీ, చమ్మకారుడనీ రాసి ఉంది. చమ్మకారుడంటే తోలు పనివాడు. ఇతని తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళతో కలిసి ఈ దానం చేశాడు.

విధికుడే ఈనాటి మాదిగలకి మూలపురుషుడని మేము చెప్పడం లేదు. అలాంటి తొందరపాటు వంశవృక్షాలు అగ్రకులాలకే వదిలేద్దాం. మేము చెప్పేది చిన్న మాట. ఈ నది ఒడ్డున ఒక కాలంలో చేతిపనివాడు, నావికుడు, తోలు పనివాడు - ముగ్గురూ తమ పని పేరు దాచుకోకుండా రాతి మీద రాయించుకోగలిగారు. తోలు పనివాడు ఉపాధ్యాయుడి కొడుకు కూడా కాగలిగాడు. వెయ్యేళ్ళు దాటాక అదే కృష్ణ దేశంలో ఓడల గురించి రాసినచోట సెట్టి పేరొక్కటే మిగిలింది. ఇది దానంతటదే జరిగిన మరుపు కాదు. బౌద్ధం పోయి, వర్ణవ్యవస్థ గట్టిపడి, పనిని బట్టి మనిషిని ఊరవతల పెట్టిన చరిత్ర ఇది. యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం వాళ్ళం కాబట్టి ఆ పలక మీది తండ్రీ కొడుకుల పేర్లు మాకు వట్టి శాసనపాఠంగా అనిపించవు.

తోలు సరుకైంది, మనిషీ సరుకయ్యాడు

పుట్టి మీంచి తోలు ఎట్లా పోయింది? ఒక్కరోజులో పోలేదు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మద్రాసు రేవు నుంచి పదును చేసిన తోళ్ళు లండనుకి పెద్దయెత్తున ఎగుమతయ్యాయి. ఊళ్ళో మోటకీ చెప్పుకీ పుట్టికీ వాడుకున్న తోలు బజారు సరుకైంది. తోళ్ళ షావుకార్లు వచ్చారు, తర్వాత కార్ఖానాలొచ్చాయి. పడవగా ఏరు దాటించిన తోలు, కట్టగా మారి ఓడెక్కి సముద్రం దాటింది. రేవుల మీద పెత్తనం కూడా మారింది. 1890లో వచ్చిన మద్రాసు కాలవలు, రేవుల చట్టం రేవు వసూళ్ళని సర్కారు చేతికి తెచ్చింది. రేవు పాట పాడుకున్నవాడు యజమాని, తెడ్డు వేసేవాడు కూలి. పడవకూలికి మన నిఘంటువుల్లో కేవు అని పాతమాట ఉంది, ఇప్పుడది వాడుకలో లేదు. తర్వాత తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్ పట్టా, ఫైబరు వచ్చాయి. నాగార్జునసాగర్ జలాశయంలో చేపలు పట్టేవాళ్ళు ఇప్పటికీ పుట్టి అనే అంటారు. మాట మిగిలింది, అందులోంచి మాదిగ జారిపోయాడు.

అదే కాలంలో మనవాళ్ళు నిజంగానే పెద్ద ఓడలెక్కారు. వర్తకులుగా కాదు, కూలీలుగా. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో, నేటాలు చెరకుతోటలకి కూలీల్ని దింపిన మొదటి ఓడ. ఆ తర్వాత అర్ధ శతాబ్దం పాటు పోయిన ఓడల జాబితాల్లో తెలుగువాళ్ళ పేర్లున్నాయి, పేరు పక్కన కులం కూడా రాశారు. ఊళ్ళో దండోరా వేసేవాడికి ఊరి లెక్కల్లో దొరకని పేరు, కూలీ ఓడ జాబితాలో దొరికింది. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి స్టీమర్లు రంగూను పోయేవి. మన జనం రంగం అన్నది దాన్నే. గోదావరి మూల ఉన్న కోరంగి రేవు పేరుతో బర్మాలో తెలుగు కూలీలందర్నీ కొరంగీలన్నారు. ఓడరేవు పేరు మనిషి పేరై, ఆ పేరు తిట్టుమాటగా మారిన చరిత్ర ఇది. ఓడ మాటల జాబితాలో దీనికి చోటివ్వకపోతే ఆ జాబితా అబద్ధమవుతుంది.

సామెతలు దాచని నిజం

పండితులు దాచింది సామెత దాచలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నారు. దీన్ని కృతఘ్నత మీద నీతిగా చెబుతుంటారు. కాస్త ఆగి వింటే, ఎవరు ఎవర్ని అన్న మాట ఇది? నది మధ్యలో ఉన్నంతసేపూ అయ్యా అనిపించుకున్నవాడు ఒడ్డుకి చేరగానే ఒరే అనిపించుకున్నాడు. రెండు ఒడ్ల మధ్య ఉన్న కాసేపే అతనికి మర్యాద. మల్లయ్యకి అంతైనా దక్కింది. పుట్టికి తోలు తొడిగినవాడు ఏరు దాటేముందూ ఏమీ కాదు, దాటాకా ఏమీ కాదు. అతనికి సామెతలో కూడా పేరు లేదు.

1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా డప్పునీ చెప్పునీ సిగ్గుపడే వస్తువుల్లోంచి తీసి గర్వపడే వస్తువుల్లో చేర్చింది. ఆ వరసలో పుట్టి కూడా నిలబడాలని మా మాట. అందుకు చెయ్యాల్సిన పనులు పెద్దవేం కావు. నిఘంటువుల్లో పుట్టికి అర్థం రాసేటప్పుడు వెదురు, తోలు, తెడ్డు - ఈ మూడు పనుల్నీ, చేసినవాళ్ళనీ రాయాలి. కృష్ణ, పాలేరు, మున్నేరు ఒడ్డుల్లో లంద, వారు, తంగేడుచెక్క, రేవు పాట లాంటి మాటలు తెలిసిన ముసలివాళ్ళు ఉండగానే ఆ మాటల్ని వాళ్ళ నోటనే పోగుచెయ్యాలి. శాతవాహన నాణెం మీది ఓడ బొమ్మ వేసిన పాఠంలోనే విధికుడి పలక బొమ్మ కూడా వెయ్యాలి. మన విద్యార్థులు ఈ పనుల్ని పరిశోధనాంశాలుగా తీసుకుంటే, అడ్డు చెప్పే గైడుకి చూపించడానికి పేస్ ఉన్నాడు, టావెర్నియే ఉన్నాడు, అమరావతి రాయి ఉంది.

ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అని ఇంకో సామెత ఉంది. మన చరిత్ర పుస్తకాలు ఇంతకాలం చేసింది ఆ పనే. ఆ తెప్ప కట్టిన తాళ్ళూ కుట్టిన తోళ్ళూ ఎవరివో చెప్పడం ఇప్పుడు మన పని.